గిన్నెల మీది పేర్లు

అమాస వచ్చిందంటే గౌరీబాయి ఇంట్ల పదకొండు మందికి వంట. పదకొండు మందీ ఎన్నడో సచ్చిపోయినోళ్ళే. సచ్చిపోయిన్రు గదా అని ఆకలేమన్న తగ్గిందా అంటే, అదీ లేదు. మనిషికి ఎనిమిది రొట్టెలు. పెంక మీద పొంగిన రొట్టె పొంగినట్టే తలెలకు రావాలె. చల్లారిందంటే ముట్టరు, మొకం తిప్పుకుంటరు. పప్పు, నెయ్యి, ఎల్లిపాయ కారం అందరికీ. మూడో తరం పహాడ్‌సింగ్‌కు మాత్రం యాటకూర లేకుంటే ముద్ద దిగదు. గౌరీబాయి ఆ ఇంటికి కోడలై వచ్చి ముప్పై ఏండ్లయింది. పొద్దుగాల పిండి తడుపుడు, మధ్యాహ్నం దాంక రొట్టెలు చేసుడు, పొద్దుగూకే దాంక గిన్నెలు తోముడు. తర్వాత తను తినేది ఉంటే తింటది, లేకుంటే నీళ్ళు తాగి నడుం వాలుస్తది.

ఇల్లంటే ఇల్లు గాదు. బాన్సువాడ గంజ్ ఎనుక రెండర్రల కిరాయి కొంప, ఎనుక రేకుల వంటిల్లు. గోడ అవతల గంగమణి బీడీలు చుట్టుకుంట కూసుంటది.

"ఇయ్యాల మీ పెద్దమనుషులొస్తరు గదనే వదినె?" గోడ మీంచి అడిగింది గంగమణి.

"రాక ఏడికి పోతరు."

"పోయిన అమాసకు ఆ కత్తాయన నా బట్టల దండెం తెంపిండు. జర చూసుకొని నడువుమని చెప్పు."

"చెప్తే ఇంటడా? ఆయన మాట్లాడే భాష మాకు రాదు, మా భాష ఆయనకు రాదు."

గల్లీల ఎవరికీ ఇది వింత గాదు. సర్వేకొచ్చిన టీచరమ్మ సుత ఒకపారి వాళ్ళందరు వరుసగ కూసొని తింటుంటే చూసింది. "వీళ్ళు ఈడనే ఉంటరా, వచ్చిపోతరా?" అని అడిగింది. వచ్చిపోతరంటే పెన్ను మూసి సంచిల ఏసుకున్నది.

గౌరీబాయి పెనిమిటి లాల్‌సింగ్‌కు ఈ పదకొండు మందే ఆస్తి. పై తరం భవానీసింగ్ ఉత్తరాది నుంచి బాద్షా ఫౌజుల గుర్రమెక్కి వచ్చిండట. మంజీర ఒడ్డున ఒక ఊరు జాగీరుగ దొరికిందట. ఊరికి కోట, కోటకు నగారా. ఇప్పుడా కోట నిజాంసాగర్ నీళ్ళ కింద ఉన్నది. లాల్‌సింగ్ నాయిన రతన్‌సింగ్ ఆ ప్రాజెక్టు కాల్వ మీదనే లస్కర్ నౌకరి చేసిండు. తాతల ఇంటిని ముంచిన నీళ్ళనే తూము తిప్పి కోటగిరి పొలాలకు ఇడిసిండు, ముప్పై ఆరేండ్లు, ఒక్కనాడు నోరు తెరువకుంట. ఇగ లాల్‌సింగ్. ఆయన మీసం చూసి ఒక ఫంక్షన్ హాలు వాళ్ళు పనిల పెట్టుకున్నరు. పెండ్లిళ్ళకు జరీ తలపాగ కట్టుకొని, అట్ట బల్లెం పట్టుకొని గేటు కాడ రాజుగారి సిపాయి లెక్క నిలబడతడు. పిల్లలొచ్చి సెల్ఫీలు దిగుతరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే.

ఇంట్ల మాత్రం ఆయన పెద్ద. తరతరాల పేర్లు రాసే వాళ్ళ వంశం భాట్ ఇచ్చిన తెల్లబట్ట చుట్ట ఒకటి ట్రంకు పెట్టెల ఉన్నది. అమాస నాడు తానం జేసి, తలపాగ కట్టి, చుట్ట ఇప్పి పై నుంచి ఒక్కొక్క పేరు చదువుతడు. చదివిన పేరు చదివినట్టు ఆ మనిషి తలవాకిట్ల చెప్పులిడిసి లోపలికి వస్తడు. పిలిచినంక కడుపు నిండందే లేవద్దు, అది ఆ ఇంటి రివాజు. లాల్‌సింగ్ తల్లి జమునాబాయి ఉన్నప్పుడు ఒకపారి నడుమల సిలిండర్ అయిపోయింది. సగం కడుపుతోని పహాడ్‌సింగ్ లేవనే లేదు. మళ్ళ అమాస దాంక ఇంట్ల ఉన్న ఒక్క మంచం మీద పండుకున్నడు, జమునాబాయి నెలంత కింద పండుకున్నది. హోటల్ పార్సిల్ తెచ్చి పెడితే అందరికందరు చేతులు ఎనుకకు పెట్టుకున్నరు. ఇంటి ఆడిదాని చేతి రొట్టెనే కావాలె.

పిలువకుంటే అయిపాయె గద అని మీరు అడుగుతరు. అదీ అయింది. ఎనిమిదేండ్ల కింద జమునాబాయి పొయ్యి ముందటనే, చేతుల రొట్టెల కర్ర పట్టుకొనే పాణం ఇడిసింది. ఆ అమాసకు పిలువలే. పదకొండు మందీ వచ్చి వాకిట్ల ఎండల నిలబడ్డరు. తిట్టలేదు, అడుగలేదు, మూడు దినాలు గట్లనే నిలబడ్డరు. ముసలోళ్ళు ఎండల మాడుతుంటే చూడలేక గౌరీబాయే "పిలువుండ్రి, చేస్త" అన్నది. జమునాబాయి మాత్రం మళ్ళ రాలేదు. ఎట్లొస్తది? భాట్ చుట్టల ఆడోళ్ళ పేర్లుండయి. లాల్‌సింగ్‌కు నీల పుట్టినప్పుడు భాట్ వచ్చి, బిడ్డ అని ఇని, చాయ తాగి, దస్తీతోని మూతి తుడుచుకొని పోయిండు. చుట్టల లాల్‌సింగ్ పేరు కింద ఇప్పటికీ తెల్లబట్టనే.

ఆ నీల సంగతే ఇయ్యాల ఇంట్ల కిరికిరి.

పిల్లకు కరెంటు ఆఫీసుల జూనియర్ లైన్‌మన్ నౌకరి వచ్చింది. పరీక్ష రాసింది, అందరి ముందట స్తంభం ఎక్కి దిగి చూపిచ్చింది. ఇయ్యాల సాయంత్రం ఐదింటి లోపల నిర్మల్ల జాయిన్ కావాలె, లేకుంటే ఆ నౌకరి ఎనుకున్నోళ్ళకు పోతది. పదకొండున్నర నిజామాబాద్ బస్సు దొరికితేనే అందుతది. అది గాకుండ, పది దినాల కింద గౌరీబాయి బోరింగు కాడ జారి పడ్డది. గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు ఇరిగింది సుత కుడి చెయ్యే. మోచెయ్యి దాంక సిమెంట్ కట్టు. పదకొండు మంది అన్నం పదకొండున్నరకు అయితదా? మూడు దాటుతది.

"బాపూ, ఇయ్యాల ఒక్కనాడు ఆపరాదు," అన్నది నీల. చేతులు పిండిలనే ఉన్నయి. సంచి సర్ది తలుపు మూలకు పెట్టుకున్నది, దాని దిక్కు చూస్తలేదు.

"ఆపితే వాకిట్ల నిలబడతరు. చూసినవ్ గద."

"నిలబడనియ్యి. రేపు నేనొచ్చి చేస్త."

"మళ్ళ అమాసకు? ఆ మళ్ళ అమాసకు? నెలనెలా లీవిస్తరా? మీ అమ్మకు చెయ్యి బాగైనా ఇంకెన్నేండ్లు చేస్తది?" లాల్‌సింగ్ గొంతు పెద్దగ లేదు. కోపం గాదది, అలసట. "నౌకరి ఇంకోటి వస్తది బిడ్డా. చూడు, హాలు కాడ నన్ను ఎవడన్న మనిషి లెక్క చూస్తడా? పోరగాండ్లు మీసం గుంజుతరు. నెలకొక్కపారి వీళ్ళొచ్చి నా ముందట కూసుంటరు. గప్పుడు నేనూ ఒకని కొడుకునే అనిపిస్తది. అది సుత తీసేస్తవా?"

నీల ఇగ పిండి ముద్దలు చేసుడు షురూ చేసింది. ఆ మూగతనం గౌరీబాయికి ఎరుకే. ముప్పై ఏండ్ల కింద తనకు నిజామాబాద్ల పంతులమ్మ ట్రైనింగు సీటొచ్చింది. పెండ్లయి రెండు నెలలు. కాగితం పట్టుకపోయి అత్తకు చూపిస్తే, "నా రెండు చేతులే సాల్తలెవ్వు, నువ్వు సుత పోతే ఎట్లనే?" అన్నది జమునాబాయి. అత్త చెడ్డది గాదు, అలిసిపోయింది. గౌరీబాయి గట్లనే సప్పుడు చెయ్యకుంట పొయ్యి ముందట కూసున్నది. ఇన్నేండ్లకు లేవలే.

"తాతలు నేతులు తాగిన్రు, మా మూతులు వాసన చూడుండ్రి అన్నట్టు," గోడ అవతలికెళ్ళి గంగమణి గొణిగింది. "పొల్లను పోనియ్యరాదు లాల్‌సింగన్నా."

లాల్‌సింగ్ ఇననట్టే తలపాగ కట్టుకున్నడు.

పదకొండు గొట్టంగ చుట్ట ఇప్పిండు. "భవానీసింగ్." కత్తి తలుపుకు తాకి ఖణేల్మన్నది. తెల్లమీసాల ముసలాయన తల వంచి లోపలికొచ్చి గోడకు ఆనుకొని కూసున్నడు. "ఫతేసింగ్." ఒక చెవు లేనాయన. "పహాడ్‌సింగ్." రాంగనే యాటకూర వాసన చూసిండు. "గుమాన్‌సింగ్." నల్లమందు మత్తుల తూలుకుంట వచ్చిండు. పేరు ఎనుక పేరు. ఆఖరికి రతన్‌సింగ్, ఖాకీ అంగితోని, కాల్వ బురద కాళ్ళతోని. బతికున్నప్పటి లెక్కనే కాళ్ళు కడుక్కొని లోపలికొచ్చిండు.

వంటింట్ల నీల రొట్టె ఎనుక రొట్టె కాలుస్తుంది. రేకుల వేడికి మొకమంత చెమట. గౌరీబాయి ఒంటిచేత్తోని తలెలందిస్తుంది, చేతనైతలేదు, నెయ్యి గిన్నె ఒకపారి కింద పడ్డది. బస్సుకని పెట్టుకున్న అలారం నీల ఫోన్ల మోగింది. నీల పిండి చేతితోనే దాన్ని బందు చేసింది. మళ్ళ రొట్టె తిప్పింది. కండ్ల నీళ్ళు పెంక మీద పడి సుయ్యిమన్నయి.

గౌరీబాయి అది చూసింది. ఏం చెయ్యాలె? గిన్నెల చెక్క కాడ కూలవడ్డది. కడిగి బోర్లిచ్చిన ఇత్తడి బోగానులు వరుసగ ఉన్నయి. ఆ ఇంట్ల ఒక ఆనవాయితీ: కోడలు పుట్టింటికెళ్ళి ఒక బోగాని తెచ్చుకోవాలె, దాని మీద చుక్కలు చుక్కలుగ పేరు కొట్టిచ్చుకోవాలె. పెండ్లిల గిన్నెలు కలిసిపోవద్దని, అంతే. గౌరీబాయి మొకం ముందటనే పెద్ద బోగాని. దాని మీద పేరున్నది.

"నువ్వన్న ఉంటే బాగుండు గదత్తా," అన్నది. అలిసిన నోటితోని, లోపల లాల్‌సింగ్ ఎట్ల చదివిండో అట్లనే, గిన్నె మీది పేరు పైకి చదివింది. "జమునాబాయి."

ఎనుక తలుపు కిర్రుమన్నది.

మొగోళ్ళందరు తలవాకిట్లకెళ్ళి వస్తరు. జమునాబాయి దొడ్డిదారిల వచ్చింది. అదే పచ్చ చీర, అదే చిన్న కొప్పు. వస్తూనే కొంగు నడుముకు చెక్కుకున్నది. గౌరీబాయి చేతికున్న కట్టు చూసింది, మూలకున్న సంచి చూసింది, పెంక ముందటున్న మనుమరాలిని చూసింది. ఎవలూ ఏం చెప్పాల్సిన పని పడలే.

"లే బిడ్డా, చెయ్యి కడుక్కో," అన్నది నీలతోని. "బస్సు ఎన్నింటికి?"

"పదకొండున్నరకు నానమ్మా."

"నడువు మరి. చూస్తవేంది?"

నీల తల్లి దిక్కు చూసింది. గౌరీబాయి చెక్క మీది స్టీల్ టిఫిన్ డబ్బా అందుకొని నాలుగు రొట్టెలు పెట్టింది. డబ్బా మీద 'నీల' అని ఉన్నది. నౌకరి వచ్చిన నాడే సామాన్ల దుకాణంల మిషన్‌తోని కొట్టిచ్చుకొచ్చింది. భాట్ రాయకుంటే ఏమాయె, దుకాణపాయన రాసిండు.

"ఆధార్ కార్డు పెట్టుకున్నవా? బస్సుల అడుగుతరు," అన్నది.  నీల అత్తాకోడండ్ల ఇద్దరి కాళ్ళు మొక్కి, సంచి భుజానికేసుకొని, జమునాబాయి వచ్చిన దొడ్డిదారినే ఉరికింది.

"నీలా! రొట్టె!" లోపలికెళ్ళి లాల్‌సింగ్ ఒర్లిండు.

"వస్తున్నయిరా!" అన్నది జమునాబాయి. లాల్‌సింగ్ వంటింటి దిక్కు తిరిగిండు. తల్లి గొంతు ఎనిమిదేండ్లకు ఇన్నడు గద.

జమునాబాయి పెంక ముందట కూసొని రెండు రొట్టెలు కాల్చింది. మూడోది కాలుస్తూ, "నా ఒక్కదానితోని అయితదా? మిగిలినోళ్ళను సుత పిలువు," అన్నది.

గౌరీబాయి గిన్నెలు ఒక్కొక్కటి దగ్గరికి గుంజుకున్నది. కొన్ని హిందీల ఉన్నయి, ఒకటి ఉర్దూల. చదువరానివి సుత ఆమెకు ఎరుకే. ఇన్నేండ్లు ఇద్దరు పక్కపక్కన కూసొని తోముకుంట ఉంటే ఏ గిన్నె ఎవలదో అత్త చెప్పుకుంట వచ్చింది. "ధాపుబాయి. కేసర్‌బాయి. రామ్‌కుమారి. సోన్‌బాయి." పాత గిన్నెల మీద అక్షరాలు లేవు. అక్షరం రానోళ్ళు గుర్తు కొట్టిచ్చుకున్నరు. "చిలుకవ్వ. చేపవ్వ." ఆఖరిది అన్నిటికన్న పాతది, అడుగు సొట్టలు పోయింది, నెలవంక గుర్తు. "చంద్రవ్వ."

ఎనిమిది మంది ఆడోళ్ళతోని రేకుల వంటిల్లు నిండిపోయింది. ఎవలూ ఎవలకూ పని చెప్పలే. ఒకామె పిండి పిసికింది, ఒకామె వత్తింది, ఒకామె కాల్చింది. మూడు గిన్నెలు ఎన్నటిదో కరువుల అమ్ముకతిన్నరు, ఆ ముగ్గురు రాలేదు. వాళ్ళ పేర్లు అత్తకు సుత ఎరుకలేవు.

చంద్రవ్వ మొదటి రొట్టెలు తీసుకొని లోపలికి పోయింది. కొంగు మొకం నిండ కప్పుకున్నది. భవానీసింగ్ తలెల వడ్డిచ్చింది. ఆ చెయ్యి చూసిండు ముసలాయన. మూడువందల ఏండ్లకు పెండ్లాం చెయ్యి. ఏదో అన్నడు, ఎవలకూ సమజ్ గాలే. చంద్రవ్వకు సమజైంది. ఆమె ఒక్క మాట జవాబిచ్చింది. ముసలాయన తల వంచుకొని రెండే రెండు రొట్టెలు తిని, కడుపు నిండిందని తలెల చెయ్యి కడుక్కున్నడు. ఆయన లేస్తే మిగిలినోళ్ళు కూసుంటరా? గుమాన్‌సింగ్ మత్తు సుత దిగింది. పన్నెండున్నరకే అందరు చెప్పులేసుకున్నరు. రతన్‌సింగ్ పోయేటప్పుడు జమునాబాయి ముందట నిలబడి, "పొల్ల పోయిందా?" అని అడిగిండు.

"పోయింది."

"మంచిగైంది," అన్నడు లస్కర్. బతికున్నప్పుడు సుత ఆయన ఇంత పెద్ద మాట మాట్లాడలే.

లాల్‌సింగ్ ఖాళీ తలెల నడుమ చుట్ట పట్టుకొని నిలబడ్డడు. వంటింట్ల గిన్నెలు తోమే సప్పుడు ఇంకా మొదలుగాలే. తొంగి చూస్తే ఎనిమిది మంది కింద వరుసగ కూసున్నరు, ముందట ఖాళీ తలెలు.

"అమ్మా, ఇగ మీరు..."

"మేమేంది? పిలిచినంక కడుపు నిండందే లేవద్దు. రివాజు నీకు చెప్పాల్నా?"

"మరి చేసేటోళ్ళు? గౌరి చెయ్యి ఇరిగింది. నీల పోయింది."

"నీ చేతులకేమైంది?"

"నేనా? ఇంటి ఆడిదాని చేతిదే..."

"అది మీ తాతల రివాజు. మాకు ఎవలు పెట్టినా తింటం. పెట్టినోడే లేడు, గంతే."

లాల్‌సింగ్ గౌరీబాయి దిక్కు చూసిండు. ఆమె పీట దిక్కు చూపిచ్చింది. భవానీసింగ్ వంశం పన్నెండో తరం జరీ తలపాగ తీసి గోడ మేకుకు తగిలిచ్చి, పొయ్యి ముందట కూసున్నడు. మొదటి రొట్టె పీటకే అంటుకున్నది. రెండోదానికి నాలుగు మూలలొచ్చినయి. చిలుకవ్వ ముసిముసిగ నవ్వింది. గోడ అవతల గంగమణి బీడీలు పక్కకు పెట్టి నిలబడి మరీ చూసింది. "ఓ లాల్‌సింగన్నా! మంట తగ్గియ్యి, మాడుతుంది!" మాడింది. అయినా ఎవలూ తలె ముందటికెళ్ళి చెయ్యి ఎనుకకు తియ్యలే. చంద్రవ్వ మాడిన తునక సుత తుడుచుకొని తిన్నది. లాల్‌సింగ్ ఆ ముసలమ్మ వేళ్ళు చూసిండు, పెంక చుర్కలతోని నల్లగైన వేళ్ళు. చుట్టల ఈమె పేరు ఏడుంది అని మొదటిపారి అనిపిచ్చింది.

ఐదుకు పది నిమిషాలున్నప్పుడు గౌరీబాయి ఫోన్ మోగింది.

"అమ్మా, సంతకం పెట్టిన," అన్నది నీల. ఎనుక ఫ్యాన్ల సప్పుడు, మనుషుల సప్పుడు. "జాయినైన. బాపు ఏమన్నడు?"

"రొట్టెలు చేస్తుండు."

"ఎవలు?"

"మీ బాపు."

 ఆ దిక్కు నీల నవ్విందో ఏడ్చిందో, గౌరీబాయికి సమజ్ గాలే. ఫోను నడుముకు చెక్కుకొని, అలవాటు కొద్దీ ఎంగిలి తలెలు ఎత్తబోయింది.

జమునాబాయి ఆ తలె గుంజుకున్నది. చెక్క మీద మిగిలిన ఒక్క బోగాని తీసింది. కోడలు తెచ్చుకున్నది, అందరికన్న కొత్తది. ఎలుగుల పెట్టి చుక్కలు చూసింది.

"గౌరీబాయి," అని చదివింది.

"నేను బతికే ఉన్న గదత్తా."

"అందుకనే కూసోమంటున్న." జమునాబాయి పక్కకు జరిగి జాగ ఇచ్చింది. "నీ సీటు ఆపింది నేనే బిడ్డా. గప్పుడు నాకు చేతులు సాల్లేదు. గది మాత్రం నాకు సచ్చినంక సుత నిమ్మళం లేకుంట చేసింది."

గౌరీబాయి కూసున్నది. ముప్పై ఏండ్లల్ల ఆ వంటింట్ల తినేతందుకు కూసునుడు ఇదే మొదలు. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఎవలూ వద్దనలే.

లాల్‌సింగ్ పెంక మీదికెళ్ళి రొట్టె తీసిండు. ఒక దిక్కు మాడింది, ఇంకో దిక్కు పచ్చిగుంది, కానీ పొగలొస్తుంది. తీసుకొచ్చి పెండ్లాం తలెల ఏసి, ఏమంటదో అని అట్లనే నిలబడ్డడు.

గౌరీబాయి ఎడమ చేత్తోని తునక తెంపి కారంల అద్దుకున్నది. వేడికి వేళ్ళు కాలినయి. మెల్లగ నమిలింది. రొట్టె మొత్తం తిన్నది. తలె పెనిమిటి ముందటికి జరిపింది.

"ఇంకోటెయ్యి," అన్నది.